తెలుగు సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ ఎందుకు లేవు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో డిస్కుల కాలం అయిపోయింది, ఇంకా బ్లూరేలు (డీవీడీల తర్వాత వచ్చిన డిస్కులు) దాచుకునేవాళ్లు పాత సామాను వదల్లేని మనుషులు అన్నట్టు రాశారు. చదివి నవ్వుకున్నాను, కొంచెం కోపం కూడా వచ్చింది. ఎందుకంటే ఆ పాత సామాను వల్లే మా నాన్నగారు రెండేళ్లుగా మళ్లీ సినిమా చూస్తున్నారు.

నాన్నగారికి 82 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైర్ అయ్యారు. ఆరేళ్ల నుంచి చెవులు బాగా తగ్గిపోయాయి. చెవి మిషను పెట్టించాం, కానీ ఆయన మాటల్లోనే చెప్పాలంటే "చప్పుడు వినపడుతుందిరా, మాట వినపడదు". ఇంట్లో మనుషుల పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటారు. సినిమాలో అది కుదరదు, పాత్రధారి అటు తిరిగాడంటే అంతే. కళ్లు మాత్రం శుక్లాల ఆపరేషన్ తర్వాత చక్కగా ఉన్నాయి, మీ పేపరే మొదటి పేజీ నుంచి వరుడు కావలెను దాకా చదువుతారు. అంటే ఆయనకి కావలసింది ఒక్కటే, తెర మీద మాట్లాడే తెలుగు కింద తెలుగులో రాసి ఉండడం. అదెంత భాగ్యం అనుకున్నాను. వెతికితే తెలిసింది. నేను కొన్న తెలుగు డిస్కుల్లో దాదాపు అన్నిటికీ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి, తెలుగువి ఒక్కదానికీ లేవు. ఓటీటీలో కూడా మా ఇంట్లో చూసినంత వరకు అదే వరస. తెలుగు రానివాళ్లకి సినిమా అర్థమవ్వాలి, బాగానే ఉంది. తెలుగు వచ్చి చెవులు వినపడనివాళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

అందుకని నేనే మొదలుపెట్టాను. కంప్యూటర్ విషయంలో నేను పెద్ద మొనగాణ్ని కాదు, ఆఫీసులో ఎక్సెల్ దాకా వచ్చు, అంతే. ల్యాప్‌టాప్‌కి ఒక బ్లూరే డ్రైవ్ కొని, సొంత డబ్బులతో కొన్న డిస్కులోని సినిమాని మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రాంతో హార్డ్‌డిస్కులోకి రిప్ చేశాను, అంటే ఫైలుగా కాపీ తీసుకున్నాను. బ్లూరేలో ఒక్కో పొరకి 25 జీబీ పడుతుంది, రెండు పొరలవి 50 జీబీ, కాబట్టి ముందు హార్డ్‌డిస్కులో చోటు చూసుకోవాలి. డిస్కుని తెరిచి చూస్తే బీడీఎంవీ అని ఒక ఫోల్డరు, అందులో స్ట్రీమ్ ఫోల్డర్లో బొమ్మా ధ్వనీ కలిసిన ఫైళ్లు, ఇంకో చోట ఏది ఎప్పుడు ఆడాలో చెప్పే ప్లేలిస్టులు, ఇంకో చోట ఒక్కో ఫైలు తాలూకు వివరాలు ఉంటాయి. ఇవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక ఫైలు తీసేసి అదే పేరుతో ఇంకోటి పెడితే ప్లేయర్ మొరాయిస్తుంది. నేను పెట్టి చూశాను, మొరాయించింది. ఆ తర్వాత మెనూల మీద ఆశ వదులుకుని బొమ్మ, ధ్వని, టైటిల్స్ అన్నీ ఒకే ఎంకేవీ ఫైలుగా చేసుకోవడం మొదలుపెట్టాను. ఆయనకి మెనూ దేనికి, బటన్ నొక్కితే టైటిల్స్ పడాలి, అంతే.

మొదటి సినిమాకి మాటలన్నీ విని టైపు చేయడానికి మూడు వారాలు పట్టింది, రోజూ రాత్రి భోజనాలయ్యాక గంటా గంటన్నర. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాంలో ధ్వని గీతల్లా కనిపిస్తుంది, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆ గీతలు చూసి సమయం పెట్టుకోవచ్చు. అంతా చేసి, మాటలూ వాటి సమయాలూ మాత్రమే ఉండే ఎస్సార్టీ ఫైలుగా దాచి, పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చి, నాన్నగారిని కూర్చోబెట్టాను. రెండు నిమిషాలు చూసి ఆయన లేచి వెళ్లి కళ్లజోడు తుడుచుకొచ్చారు. మళ్లీ చూశారు. "ఎవర్రా ఇది రాసింది, వత్తులు రావా?" అన్నారు.

టీవీ చేసిన పని అది. నేను 'అమ్మ' అని రాస్తే టీవీ 'అమ్‌మ' అని చూపించింది, 'స్వామి'ని 'స్‌వామి' చేసింది. ఇక 'శ్రీకృష్ణుడు' ముక్కలు ముక్కలైపోయాడు, చెప్పడానికి కూడా నోరు రావట్లేదు. సంగతేమిటంటే ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన పేర్చుకుంటూ పోతే సరిపోతుంది, తెలుగు అలా కాదు. హల్లు కింద వత్తు చేరాలి, గుడి తల మీదకి ఎక్కాలి, క్రారవడి చుట్టూ తిరగాలి. ఈ కూర్పు చేసే భాగం టీవీలోని వీడియో ప్లేయర్లో ఉండాలి. మా టీవీలో లేదు. విచిత్రం ఏమిటంటే అదే టీవీ సెట్టింగుల మెనూ తెలుగులో పెడితే వత్తులతో సహా శుభ్రంగా కనిపిస్తుంది! కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి పాపం చాలా మర్యాదగా, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో పెట్టుకోండి సార్ అంది.

నెల రోజులు దీంతోనే సరిపోయింది. ఫాంట్లు మార్చాను, ఫైలు తెలుగు అక్షరాల్ని దాచగలిగే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉందో లేదో పదిసార్లు చూశాను, ఏం లాభం లేదు. చివరికి దారి బ్లూరేలోనే దొరికింది. బ్లూరే డిస్కులో మనం చూసే సబ్‌టైటిల్స్ మామూలుగా అక్షరాలు కావు, బొమ్మలు! పీజీఎస్ అంటారు. ఒక్కో మాటనీ ముందే బొమ్మగా గీసి, ఫలానా సెకనుకి తెర మీద ఫలానా చోట అంటించు అని చెప్పి ఉంచుతారు. ప్లేయర్‌కి ఏ భాషా రానక్కర్లేదు, బొమ్మ అంటిస్తే చాలు. నా తెలుగు ఫైలుని సబ్‌టైటిల్ ఎడిట్‌లోనే బ్లూరే సప్ ఫైలుగా, అంటే ఇలాంటి బొమ్మల ఫైలుగా, ఎగుమతి చేశాను. కూర్పంతా ల్యాప్‌టాప్‌లో సరిగ్గా జరిగిపోయింది, ఆ బొమ్మల్ని ఎంకేవీ టూల్‌నిక్స్‌తో సినిమాలో కలిపితే టీవీ కిక్కురుమనకుండా చూపించింది. శ్రీకృష్ణుడు ఒక్క ముక్కగా వచ్చాడు.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, డిస్కులు వేసే కంపెనీలవాళ్లు 'తెలుగు అక్షరాలు అన్ని ప్లేయర్లలో సరిగ్గా రావండీ, అందుకే పెట్టం' అని చెప్పడానికి వీల్లేదు. బ్లూరే పద్ధతిలో ఆ ఇబ్బందే లేదు.

అక్కడితో నాన్నగారి తగాదా తీరలేదు, అసలు అప్పుడే మొదలైంది. పండితుడు కదా, రూళ్ల పుస్తకం, ఎర్ర బాల్‌పెన్ను పట్టుకుని సినిమాకి కూర్చునేవారు. సన్నివేశం పేరు రాసి, పక్కన తప్పు, దాని పక్కన ఒప్పు. నేను 'దైర్యం' అని రాస్తే ధకి వత్తేదిరా అని, 'బాద' అంటే ఇదేం బాధరా అని. మార్కులు కూడా వేశారు, వందకి 61. అక్షరదోషాలు పక్కనపెడితే ఆయన చెప్పినవాటిలో కొన్ని ఏ సబ్‌టైటిల్స్ కంపెనీకీ తట్టని సంగతులు. తెలుగులో రెండు వరుసలు పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడి అల్లుకుపోతాయి, కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి పెట్టే దానికన్నా ఎక్కువ కావాలి. తెల్లటి అక్షరాలు తెల్ల పంచెల మీద కలిసిపోతాయి, లేత పసుపు మేలు, చుట్టూ నల్ల అంచు లావుగా ఉండాలి. సన్నటి ఫాంటు అందంగా ఉంటుంది గానీ పది అడుగుల దూరం నుంచి 'ప'కీ 'ష'కీ తేడా తెలియదు. వరుసకి 28 అక్షరాలు దాటితే ఆయన చదివేలోపు మాట వెళ్లిపోతోంది.

పద్యాల దగ్గర ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. పౌరాణికంలో నాలుగు పాదాల పద్యం రెండు నిమిషాలు పాడతారు, అందులో నిమిషం పైన ఆలాపనే. నేను మాట అయిపోగానే అక్షరాలు తీసేస్తుంటే ఆయనకి తెర ఖాళీగా, నోరు తెరిచిన మనిషి మాత్రం కనిపిస్తున్నాడు. రాగం తీస్తున్నంతసేపూ ఆ పాదం తెర మీదే ఉండాలన్నారు. పద్యం ఎత్తుకోగానే మొదటి పాదం, రాగం ముగిశాక రెండోది. అలా చేశాక ఆయన పెదాలు కదలడం చూశాను. రాగం వినపడకపోయినా లోపల ఆయన పాడుకుంటున్నారు. ఆ పద్యాలు ఆయనకి నోటికి వచ్చినవే, పాడేవాడు ఏ పాదంలో ఉన్నాడో తెలిస్తే చాలు.

ఇక వీడియో మార్చిన సంగతి. మా దగ్గరున్న ఒక పాత నలుపు తెలుపు పౌరాణికం బ్లూరేలో ధ్వని ఎంతో బాగుంటుంది, బొమ్మ కూడా తళతళలాడుతుంది, కానీ రాజులందరికీ కిరీటాలు తెగిపోయాయి. అప్పటి సినిమాలు ఇంచుమించు నలుచదరంగా ఉండేవి, వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు. ఇప్పటి టీవీ 1.78. టీవీ అంతా నిండాలని ఎవరో పైనా కిందా కోసేశారు, లెక్క వేస్తే ఎత్తులో నాలుగో వంతుకి దగ్గరగా పోయింది. సింహాసనం మీద కూర్చున్నవాడికి కిరీటం లేదు, నమస్కారం పెట్టినవాడికి పాదాలు లేవు. కొనేవాళ్లకి నల్ల పట్టీలు నచ్చవని చేశారేమో తెలియదు. ఎవరినీ అడగకుండా కోశారు.

అదే సినిమా పాత డీవీడీ బీరువాలో ఉంది. బొమ్మ మసక, కానీ మొత్తం ఉంది. సరే, బ్లూరే ధ్వని, డీవీడీ బొమ్మ, నా సబ్‌టైటిల్స్ మూడూ కలిపేద్దాం అనుకున్నాను. అనుకోవడం సులువే. ఆ డీవీడీ పాల్ అనే టీవీ పద్ధతిది, అంటే సెకనుకి 25 ఫ్రేములు, విడివిడి బొమ్మలు. బ్లూరే సెకనుకి 23.976. సినిమాని 24 ఫ్రేముల లెక్కన తీస్తారు, పాల్ వాళ్లు దాన్ని కాస్త వేగంగా తిప్పేస్తారు, అంటే నూటికి నాలుగు పాళ్లు. వినడానికి తక్కువే అనిపిస్తుంది, కానీ రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోతుంది. గొంతులు కూడా సన్నబడతాయి. నాన్నగారికి అది పట్టదు గానీ, వంటింట్లోంచి అమ్మ "ఘంటసాల గొంతులా లేదేమిట్రా" అని ఎప్పుడూ అంటుండేది, మేమే పట్టించుకోలేదు. పాతికేళ్ల డీవీడీ జబ్బు మా అమ్మ చెవి ముందే కనిపెట్టిందన్నమాట. అందుకే ధ్వని మాత్రం బ్లూరేదే ఉంచాలని పట్టుబట్టాను.

డీవీడీ బొమ్మని 23.976కి నెమ్మదించి, రెండు పక్కలా నల్ల పట్టీలు కలిపి 1920 బై 1080 చట్రంలో కూర్చి, రాత్రంతా ల్యాప్‌టాప్‌ని ఫ్యాను కింద పెట్టి మార్పించాను. పట్టీలు కలపకపోతే పెద్ద చట్రానికి గీసిన నా సబ్‌టైటిల్ బొమ్మలు చిన్న వీడియో మీద నలిగినట్టు వచ్చాయి, అది రెండోసారి తెలుసుకున్న పాఠం. తెల్లారి చూస్తే మొదటి పది నిమిషాలు పెదాలూ మాటా అచ్చంగా కలిశాయి. ఆ తర్వాత అర సెకను తేడా. ఇంకో పది నిమిషాలకి సెకను పైన. కాసేపు నాకు పిచ్చెక్కింది, వేగం తేడా అయితే మెల్లమెల్లగా జరగాలి గానీ ఇలా మెట్టు మెట్టుగా ఎందుకు దూకుతోంది?

రీళ్లు! వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. థియేటర్లలో తిరిగిన ప్రింటులో రీలు మొదలూ చివరా ఎక్కువ నలుగుతాయి, తెగుతాయి, అతికిస్తారు, ఒక్కో అతుకు దగ్గర కొన్ని ఫ్రేములు పోతాయి. డీవీడీ అలాంటి ప్రింటు నుంచి తీసినది అయ్యుండాలి, బ్లూరే ఇంకాస్త మంచి దాన్నుంచి. అందుకే ప్రతి రీలు సందులోనూ తేడా పెరుగుతోంది. ఒక్కో సందు వెతికి, పోయిన ఫ్రేముల చోట బ్లూరేలోని కోసిన బొమ్మనే కాసేపు అతికించాను. అక్కడ రాజు గారి కిరీటం రెండు క్షణాలు పోయి మళ్లీ వస్తుంది. నాన్నగారు ఆ చోట్లన్నీ కనిపెట్టారు, "కిరీటం తీసి తల గోక్కున్నాడా?" అని ఒకటే నవ్వు. మిగతాదానికి మాత్రం మసకైనా మనిషి నిండుగా ఉన్నాడు, ఇదే ఉంచు అన్నారు.

మా బావగారు డాలస్ నుంచి వస్తూ సత్యజిత్ రాయ్ గారి అపు చిత్రాలు మూడూ ఉన్న బ్లూరే పెట్టె తెచ్చారు. 1993లో లండన్ ల్యాబులో కాలిపోయిన నెగటివ్‌ల నుంచి, దొరికిన మేరకు, ఒక్కో ఫ్రేము బాగుచేసి 2015లో మళ్లీ విడుదల చేసినవి. బ్లూరేలకి ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లోనే ఆడేలా తాళం వేస్తారు; అమెరికా డిస్కు రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సి, మా ప్లేయర్‌లో ఆడలేదు. కలకత్తా పక్క పల్లెలో తీసిన సినిమాని అమెరికాలో కొని కాకినాడలో చూడటానికి ఇన్ని తాళాలు. సరే, అది రిప్ చేశాక చూస్తే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మాత్రమే. వాటి నుంచి తెలుగు చేస్తుంటే నాన్నగారు పక్కన కూర్చున్నారు. మొదటి చిత్రంలో పిల్లలు ఇంట్లో ఉండే ముసలావిణ్ని 'పిషీ' అని పిలుస్తారు, అంటే తండ్రి అక్కచెల్లెళ్ల వరస. మన భాషలో అచ్చంగా 'అత్త'. ఇంగ్లీషులో ఆంటీ అనేస్తే తల్లి వైపో తండ్రి వైపో తెలియదు, తెలుగులోకి వచ్చేసరికి ఆవిడ మళ్లీ మేనత్త అయింది. 'దిదీ' అక్క అయింది. బెంగాలీ రాని ఇద్దరం బెంగాలీకి దగ్గరగా వెళ్లామనిపించింది. ఆ సినిమాకి మాత్రం నాకు 84 మార్కులు వచ్చాయి.

ఇప్పుడు చట్టం సంగతి, ఎందుకంటే ఈ ఉత్తరం అచ్చయితే ఎవరో ఒకరు ఇది దొంగతనం కదా అంటారు. నేను ఏ ఫైలూ ఎక్కడా పెట్టలేదు, ఎవరికీ అమ్మలేదు, ప్రతి డిస్కూ బిల్లుతో కొన్నదే, ఇప్పటికీ బీరువాలో ఉంది. వకీలుని కాను గానీ చదివినంత వరకు, 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు రెండు పనులు చేశారు. డిస్కుల్లాంటివాటికి వేసిన తాళాన్ని హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అని 65ఎ సెక్షన్ పెట్టారు. అప్పుడే 52వ సెక్షన్‌లో, వైకల్యం ఉన్నవాళ్లకి అందే రూపంలోకి ఏ రచననైనా ఎవరైనా మార్చి ఇవ్వచ్చని ఒక మినహాయింపు కూడా చేర్చారు, వ్యాపారం కోసం మాత్రం కాకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం టీవీ, సినిమా లాంటివాటికి క్యాప్షన్లు ఉండేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. వినికిడి, చూపు లేనివాళ్లకి థియేటర్లలో ఏర్పాట్లు ఉండాలని 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కాగితం మీద అంతా బానే ఉంది. మా ఊళ్లో ఏ హాల్లోనూ తెలుగు మాట కింద తెలుగు అక్షరం నేనింతవరకు చూడలేదు.

నిర్మాతలకి ఇది పెద్ద పనా అంటే, కాదు. నాకు మూడు వారాలు పట్టింది ఎందుకంటే నేను మాటలు విని రాసుకోవాలి. వాళ్ల దగ్గర స్క్రిప్టు ఉంది, డబ్బింగ్ కాగితాలు ఉన్నాయి, పాటలు కవిగారు స్వయంగా రాసిచ్చినవి ఉన్నాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కోసం సమయాలు ఎలాగూ పెడుతున్నారు, అవే సమయాల్లో తెలుగు మాటలు నింపాలి. అనువాదం ఖర్చు కూడా లేదు, ఉన్న మాటే. తలుపు చప్పుడు, శంఖం మోత, వెనక నుంచి ఎవరో పిలవడం లాంటివి అదనంగా రాయాలి, అది ఒక మనిషికి రెండు రోజుల పని. పాత సినిమాల హక్కులు కొని డిస్కులు, ఓటీటీల్లోకి ఎక్కిస్తున్నవాళ్లు పైనా కిందా కోయకుండా, ఉన్న బొమ్మ ఉన్నట్టు ఇస్తే ఇంకా సంతోషం. టీవీ నిండకపోతే నష్టం లేదండీ.

మీ సినిమా పేజీలో ప్రతి సమీక్ష కిందా నిడివి, సంగీతం, నిర్మాత అని ఇస్తారు కదా, 'తెలుగు సబ్‌టైటిల్స్: ఉన్నాయి / లేవు' అని ఒక వరుస కలపండి. అడిగేవాళ్లున్నారని వాళ్లకి తెలుస్తుంది. ఈ మాట నాన్నగారు మీకు రాయమన్నారు. ఉత్తరం టైపు చేశాక ఆయనకి చూపించాను, ఎర్ర పెన్నుతో నాలుగు చోట్ల దిద్దారు, అవి సరిచేసే పంపుతున్నాను. ఇంకా ఏవైనా మిగిలితే అవి నావే.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ